గేటు లోపలి చదువు

కాలేజీ విద్యార్థులు వేసవి సెలవుల్లో నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఒక కంపెనీలో చేరి, అక్కడి ఉద్యోగుల పక్కన ఉండి పని నేర్చుకోవడమే సమ్మర్ ఇంటర్న్‌షిప్. ఫ్యాక్టరీ గేట్ల దగ్గర దీన్ని ఇప్పటికీ పాత పేరుతో ట్రైనింగ్ అనే పిలుస్తారు. కొన్ని సంస్థలు స్టైపెండ్ ఇస్తాయి, చాలా సంస్థలు ఇవ్వవు. విద్యార్థి చేతికి వచ్చేది ఒక సర్టిఫికెట్, ఒక ప్రాజెక్ట్ రిపోర్ట్. అసలు నేర్చుకున్నది మాత్రం ఆ రెంటిలోనూ పూర్తిగా కనబడదు.

ఈ పద్ధతికి నూరేళ్ళు దాటాయి. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు 1906లో 27 మంది ఇంజినీరింగ్ విద్యార్థులతో కొన్నాళ్ళు తరగతి, కొన్నాళ్ళు ఫ్యాక్టరీ అనే చదువు మొదలుపెట్టాడు. మన దేశంలో పిలానీలోని బిట్స్ 1970లలో ప్రాక్టీస్ స్కూల్ పేరుతో దీన్ని డిగ్రీలో భాగం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఇంకా ముందుకు వెళ్ళి, 2020-21లో డిగ్రీలో చేరిన వారి నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు ఊళ్ళలో సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు ఏదైనా సంస్థలో పని, చివరి ఏడాది ఒక సెమిస్టర్ మొత్తం శిక్షణ. కాబట్టి విజయనగరంలోనో విశాఖలోనో డిగ్రీ చదివే ఒడిశాలోని బోరిగుమ్మ పిల్లలకు ఇది కోరిక ఉంటే చేసే పని కాదు, చేసి తీరాల్సిన పని. మరి ఎక్కడ చెయ్యాలి?

కార్పొరేట్ అనగానే హైదరాబాద్, బెంగళూరుల్లోని అద్దాల మేడలు కళ్ళముందు మెదులుతాయి. జయపురం నుంచి నవరంగపూర్ వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న బోరిగుమ్మకు అవి చాలా దూరం. దగ్గరలో ఉన్నవేమో కళ్ళకు ఆనవు. సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు యుద్ధ విమానాల ఇంజిన్లు తయారు చేస్తున్నారు. దమన్‌జోడిలో నాల్కో అల్యూమినా రిఫైనరీ ఉంది. రాయగడ దగ్గర జేకేపూర్‌లో జేకే కాగితం మిల్లు, తేరుబలిలో ఇంఫా ఫెర్రో మిశ్రలోహాల కొలుములు, టికిరి వైపు హిందాల్కోకు చెందిన ఉత్కళ్ అల్యూమినా. కొరాపుట్, రాయగడ జిల్లాల విద్యార్థికి ఇవన్నీ బస్సు దూరంలో ఉన్న పాఠశాలలు. ఇంత సామగ్రి ఇంటి పక్కన పెట్టుకుని, డబ్బు కట్టి ఆన్‌లైన్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

గేటు లోపల ఏం నేర్చుకుంటారో తెలియాలంటే దమన్‌జోడి ఒక్కటి చూస్తే చాలు. బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే బేయర్ పద్ధతి ఇంటర్ రసాయన శాస్త్రంలో ఒక అర పేజీ. సమీకరణాలు రాస్తే మార్కులు పడతాయి. ప్లాంటులో ఆ అర పేజీ పంచపట్‌మలి కొండ మీద మొదలవుతుంది. అక్కడ తవ్విన బాక్సైట్ 14.6 కిలోమీటర్ల పొడవున్న కన్వేయర్ బెల్టు మీద రిఫైనరీకి దిగి వస్తుంది. దాన్ని నూరి, వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో కరిగిస్తారు. అల్యూమినా ద్రావణంలోకి వెళుతుంది, ఇనుము తదితర మలినాలు ఎర్రమట్టిగా మిగిలిపోతాయి. తేట ద్రావణాన్ని చల్లార్చి, పాలలో తోడు వేసినట్టు ముందే తయారైన అల్యూమినా హైడ్రేట్ కాస్త వేస్తే కొత్త స్ఫటికాలు కడతాయి. వాటిని వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో కాలిస్తే తెల్లటి అల్యూమినా పొడి వస్తుంది. అది రైలు మీద అంగుల్‌లోని స్మెల్టర్‌కో, విశాఖ రేవుకో వెళుతుంది.

పుస్తకం ఇక్కడితో ఆగిపోతుంది. ట్రైనీకి అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది. విడిచిపెట్టిన ఎర్రమట్టికి సోడా అంటుకుని పోతుంది. దాన్ని వాషర్లు అనే తొట్లలో ఒకసారి కాదు, వరసగా ఎన్నోసార్లు కడిగి ఆ సోడాను వెనక్కి రాబడతారు. రానిది కొనుక్కోవాలి. గొట్టాల లోపల పొలుసులా గార పేరుకుంటుంది, వేడి సరిగా అందదు, ఏదో ఒక రోజు ఆపి శుభ్రం చెయ్యాలి. ఆ రోజు ఏది? ఆపితే ఉత్పత్తి పోతుంది, ఆపకపోతే ఆవిరి వృథా. కాగితం మీది సమీకరణానికి నష్టం ఉండదు, అలుపు ఉండదు, రాత్రి షిఫ్ట్ ఉండదు. ప్లాంటుకు ఈ మూడూ ఉన్నాయి. చదివిన శాస్త్రం తప్పు కాదనీ, అది నిలబడాలంటే చుట్టూ ఎంతమంది కాపలా కాయాలో చూడాలనీ విద్యార్థికి అర్థమయ్యే చోటు ఇది.

షిఫ్ట్ మారేటప్పుడు ఆ కాపలా కంటికి కనిపిస్తుంది. దిగేవారు లాగ్ బుక్‌లో రాసింది ఎక్కేవారు చదువుకుంటారు. ఏ పంపు మొరాయించింది, ఏ వాల్వు సగం తెరిచి ఉంది, ఎవరికి ఫోన్ చేశారు. నాలుగు పంక్తులే, కానీ ఒక్కటి తప్పు రాస్తే వచ్చే ఎనిమిది గంటలు దాని ఫలితం అనుభవించాలి. పరీక్షలో పదహారు పేజీలు నింపడం అలవాటైన పిల్లలకు ఇలా రాయడం కొత్త విద్య. భద్రత కూడా అంతే. వేడి కాస్టిక్ చర్మం మీద పడితే కాలుస్తుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. అందుకే మొదట యంత్రాలు చూపించరు. హెల్మెట్, బూట్లు, కళ్ళద్దాలు, కళ్ళు కడిగే కుళాయి ఎక్కడుందో చూపిస్తారు. సునాబెడలాంటి రక్షణ కర్మాగారంలో ఇంకో పాఠం తోడవుతుంది. విమానం ఇంజిన్లోని భాగం ఎవరు చేశారు, ఎవరు తనిఖీ చేశారు అన్నదానికి కాగితం మీద ఆధారం ఉండి తీరాలి.

మొదటి వారం చాలామందికి గడ్డుగానే గడుస్తుంది. అందరూ తమ పనిలో ఉంటారు, ట్రైనీకి ఎవరూ పని చెప్పరు. అప్పుడే అడగడం నేర్చుకోవాలి. "అర్థం కాలేదు సార్" అంటే ఎవరికీ ఏం చెప్పాలో తెలియదు. "మూడో వాషర్ తర్వాత సోడా ఎంత ఉండాలి సార్, ఇవాళ ఎంత వస్తోంది?" అంటే ఫోర్‌మన్ కుర్చీ లాగి కూర్చుని చెబుతాడు. తెలియనిదేమిటో ముందు తనకు తాను తేల్చుకున్నవాడే అలా అడగగలడు. ఈ విషయంలో బోరిగుమ్మ తెలుగు పిల్లలకు ఒక ఆస్తి ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా. రిపోర్ట్ ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినా, పనివాడు ఏ భాషలో ఆలోచిస్తాడో ఆ భాషలో అడగగలగడం పెద్ద నగరం నుంచి వచ్చిన ట్రైనీకి దొరకని సౌకర్యం.

ఇదంతా ఇంజినీరింగ్ వారికే అనుకోనక్కర్లేదు. జయపురంలోని విక్రమ్ దేవ్ విశ్వవిద్యాలయంలో బీకాం చదివే అమ్మాయి కాగితం మిల్లుకు వెళితే, వర్కింగ్ క్యాపిటల్ అనే మాట కర్ర గుట్టల రూపంలో ఎదురుగా కనబడుతుంది. జామాయిల్, సరుగుడు, సుబాబుల్ రైతుల తోటల నుంచి వస్తాయి. వానలు పడితే తోటల్లోకి లారీ దిగదు, కాబట్టి ముందే కొని నిల్వ పెట్టాలి. అంటే ఎండాకాలంలో డబ్బు కర్రగా మారి యార్డులో పడి ఉంటుంది. కాటా మీద తూకం, కర్రలో తేమ, రైతుకు చెల్లింపు. ఇవి చూశాక బ్యాలెన్స్ షీట్‌లోని ఒక్కొక్క అంకె వెనుక ఎవరో ఒక మనిషి కనబడతాడు.

ఆ మనిషి ఒక్కోసారి గేటు బయట ఉంటాడు. బాక్సైట్ కొండలు ఖాళీ నేల కావు, ఆదివాసుల ఊళ్ళు, వాగులు ఉన్న నేల. ఉత్కళ్ అల్యూమినా ప్రాజెక్టుకు వ్యతిరేకంగా కాశీపూర్ ప్రాంతంలో సాగిన ఆందోళన కాలంలో, 2000 డిసెంబరులో మైకంచ్ గ్రామంలో పోలీసు కాల్పులకు ముగ్గురు ఆదివాసులు బలయ్యారు. ఎర్రమట్టిని వదిలే చెరువు ఎక్కడుందో, దాని పక్కన ఎవరుంటారో తెలుసుకోకుండా ముగిసిన ట్రైనింగ్ సగం ట్రైనింగే. రిపోర్ట్‌లో అందుకు ఒక పేజీ కేటాయించమని కాలేజీలే అడగాలి.

వద్దనుకోవడం కూడా నేర్చుకున్నట్టే. షిఫ్ట్ పని తన ఒంటికి పడదనో, లెక్కల కంటే మనుషులతో మాట్లాడే పని నచ్చుతుందనో ఆరు వారాల్లో తెలిస్తే, ఆరేళ్ళు వృథా కాకుండా ఉంటాయి.

మోసం ఎక్కడ జరుగుతుందో చెప్పడం కష్టం కాదు. కంపెనీ మొహం చూడకుండా ఫీజు కట్టి తెచ్చుకున్న కాగితం, సీనియర్ రిపోర్ట్‌కు పేరు మార్చి వేసిన కవరు వైవాలో రెండు ప్రశ్నలకు కూడా నిలవవు. శిక్షణ అసలుదా కాదా అని చూడటానికి మూడు సంగతులు అడిగితే చాలు: ఏ పని అప్పగించారు, ఎవరికి జవాబు చెప్పేవాడివి, రోజూ ఏం రాసుకున్నావు. మూడింటికీ జవాబుంటే సంస్థ చిన్నదైనా ఫరవాలేదు.

చదువు అయిపోయి ఉద్యోగం దొరకని వారి దారి వేరు. 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని అప్పట్లో 21 నుంచి 24 ఏళ్ళ వారి కోసం పెట్టారు. పన్నెండు నెలలు పెద్ద కంపెనీలో శిక్షణ, నెలకు 5,000 రూపాయలు, చేరినప్పుడు ఒకసారి 6,000 రూపాయలు ఇచ్చేలా దాన్ని రూపొందించారు. అప్పటి నిబంధనల్లో రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్ళేవారికి ఇది వర్తించలేదు.

కాలేజీలో ఉన్నవారికి మాత్రం ఒకటే మాట. సీట్లు కొద్ది, అడిగేవారు ఎక్కువ. దరఖాస్తు పద్ధతి ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది, కాలేజీ ఇచ్చే లేఖ మాత్రం ఎక్కడైనా అడుగుతారు. మే నెల వచ్చాక కదిలితే ఖాళీ ఉండదు. ప్రిన్సిపాల్ సంతకం చేసిన లేఖ తీసుకుని ఫిబ్రవరిలోనే దమన్‌జోడి బస్సో, రాయగడ రైలో ఎక్కండి.