నమాజ్ వేళలు చూపించే స్మార్ట్ అద్దం.. ఫ్రేమ్ లేకుండా, పల్చగా ఇంట్లోనే చేసుకోవచ్చు!

తల దువ్వుకునే అద్దంలోనే టైమ్, వాతావరణం, తర్వాతి నమాజ్ వేళ, హిజ్రీ తేదీ కనిపిస్తే? దీన్నే స్మార్ట్ మిర్రర్ అంటున్నారు. రెడీమేడ్‌వి ఖరీదెక్కువ, కొన్నింటిలో కెమెరా, మైకు కూడా ఉంటాయి. పాత ల్యాప్‌టాప్ ఒకటి మూలన పడి ఉంటే, ఎలక్ట్రానిక్స్ మీద కాస్త చేయి తిరిగిన పిల్లలు ఇంట్లో ఉంటే దీన్ని సొంతంగానే చేసుకోవచ్చు.

ఎలా పనిచేస్తుంది?

ఇందులో వాడేది టూ-వే మిర్రర్. వెనక చీకటిగా ఉంటే మామూలు అద్దంలా మన ముఖమే కనిపిస్తుంది. వెనక వెలుగు ఉన్నచోట మాత్రం ఆ వెలుగు ముందుకు వస్తుంది. అందుకే స్క్రీన్ మీద నలుపు బ్యాక్‌గ్రౌండ్, తెల్లని అక్షరాలు పెడతారు. స్క్రీన్ లేని భాగమంతా వెనక నుంచి నల్ల వినైల్ షీట్ అంటించాలి. లేకపోతే వైర్లు కనిపిస్తాయి.

గాజు అయితే ప్రతిబింబం సరిగ్గా ఉంటుంది. అక్రిలిక్ తేలిక, కానీ కాస్త వంగినా ముఖం వంకరగా కనిపిస్తుంది, గీతలు కూడా త్వరగా పడతాయి.

పల్చగా రావాలంటే

మానిటర్‌ను అలాగే పెడితే మందం పెరుగుతుంది. ల్యాప్‌టాప్ మూతలోంచి ప్యానెల్ ఒక్కటే తీయాలి. దాని వెనక మోడల్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్‌కు సరిపోయే డ్రైవర్ బోర్డే కొనాలి, వేరేది పెడితే బొమ్మ రాదు. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, సికింద్రాబాద్ సీటీసీ వైపు ఇలాంటి సామాను కోసం అడగొచ్చు.

అసలు కిటుకు ఏంటంటే, బోర్డులను ప్యానెల్ మీద కాకుండా పక్కన పరచాలి. 15.6 అంగుళాల ప్యానెల్‌కు 60×45 సెంటీమీటర్ల గాజు తీసుకుంటే పక్కన చోటు మిగులుతుంది. రాస్ప్‌బెర్రీ పై 3 లేదా 4 సాఫీగా నడుస్తుంది, కానీ దాని యూఎస్‌బీ పోర్టుల వైపు మందం సుమారు 17 మిల్లీమీటర్లు. జీరో 2 డబ్ల్యూ ఇంకా పల్చన. అయితే ర్యామ్ 512 ఎంబీయే కాబట్టి నెమ్మదిగా ఉంటుంది.

ఫ్రేమ్ లేకుండా

గాజు అంచులను షాపులోనే పాలిష్ చేయించాలి. వెనక పెట్టే అల్యూమినియం లేదా ప్లైవుడ్ పెట్టెను గాజు కన్నా నాలుగు వైపులా 4, 5 సెంటీమీటర్లు చిన్నగా చేస్తే, అద్దం గోడ మీద తేలుతున్నట్టు కనిపిస్తుంది. అంటించడానికి న్యూట్రల్ సిలికాన్ వాడాలి. వెనిగర్ వాసన వచ్చే రకం అద్దం పూతను తినేస్తుంది. 4 మిల్లీమీటర్ల గాజు ఈ సైజులో దాదాపు 2.7 కిలోలు ఉంటుంది. అందుకే జిగురునే నమ్ముకోకుండా కింద చిన్న పట్టీ ఆసరా ఇవ్వాలి. వేడి పోవడానికి పెట్టెకు పైనా కిందా రంధ్రాలు వదలాలి.

230 వోల్టుల కరెంటు అద్దం వెనక్కి పోనివ్వొద్దు. 12 వోల్టుల అడాప్టర్‌ను సాకెట్ దగ్గరే ఉంచి, సన్నని వైరు మాత్రం అద్దానికి తీసుకెళ్లాలి. లోపల చిన్న కన్వర్టర్‌తో పైకి కావాల్సిన 5 వోల్టులు ఇవ్వొచ్చు.

నమాజ్ వేళల సెట్టింగే ముఖ్యం

నెదర్లాండ్స్‌కు చెందిన మైకేల్ టేయూ మొదలుపెట్టిన మ్యాజిక్ మిర్రర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. గడియారం, క్యాలెండర్, వాతావరణం అందులోనే ఉంటాయి. నమాజ్ వేళలకు వేరే మాడ్యూల్ కలుపుకోవాలి.

చాలామంది తడబడేది ఇక్కడే. మన దగ్గర ఎక్కువగా వాడే కరాచీ పద్ధతిలో ఫజర్, ఇషా రెండింటికీ 18 డిగ్రీల లెక్క. అసర్‌కు హనఫీయా, షాఫయీయా అన్నది విడిగా ఎంచుకోవాలి. ఆ ఒక్క సెట్టింగ్ తేడాతో అసర్ వేళ కాలాన్ని బట్టి ముప్పావు గంట నుంచి గంటకు పైగా మారిపోతుంది. హిజ్రీ తేదీ లెక్క ప్రకారం వస్తుంది కాబట్టి, ఇక్కడి చాంద్ ప్రకారం ఒకరోజు అటూ ఇటూ సరిచేసుకోవాలి. అద్దం చూపేది వక్త్ మొదలయ్యే సమయం, మస్జిద్‌లో జమాత్ టైమ్ కాదు. మొదటి వారం మొహల్లా మస్జిద్ టైమ్‌టేబుల్‌తో సరిచూసుకోవాలి. రంజాన్‌లో సహర్, ఇఫ్తార్‌కు మాత్రం ఈ అద్దం ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు.

ఇంటి పరదా కూడా చూసుకోవాలి

అమ్మీ, అక్కచెల్లెళ్లు తయారయ్యే గదిలో పెట్టే వస్తువు ఇది. టైమ్, తేదీ చూపించడానికి కెమెరాతో, మైకుతో పనే లేదు. ల్యాప్‌టాప్ మూతలోంచి ప్యానెల్ తీసేటప్పుడు వెబ్‌క్యామ్, మైకు ముక్కలను పక్కన పెట్టేయాలి. హాల్లో పెడితే డాక్టర్ అపాయింట్‌మెంట్లు, ఈఎంఐ తేదీలు వచ్చిపోయే వాళ్లందరికీ కనిపిస్తాయి. కాబట్టి ఆ క్యాలెండర్‌ను కలపకపోవడమే మేలు. నమాజ్ చదివే వైపు గోడకు కూడా పెట్టొద్దు, వెలిగే అక్షరాల మీదకే ధ్యాస పోతుంది.

కరెంటు హఠాత్తుగా పోతే మెమరీ కార్డు పాడయ్యే అవకాశం ఉంది. సెట్టింగులన్నీ అయ్యాక కార్డు కాపీ ఒకటి తీసి పెట్టుకుంటే మళ్లీ మొదటి నుంచి చేయాల్సిన పని ఉండదు.