హోటల్ బోర్డు మీద కులం

మద్రాసులోని కన్నెమరా హోటల్ గురించి ఎవరు రాసినా కథ ఒకే దారిలో నడుస్తుంది. 1854లో ఇంపీరియల్, 1886లో ఆల్బనీ, 1890 దశకం మొదట్లో గవర్నర్ కన్నెమరా పేరు. ఆపైన స్పెన్సర్ యాజమాన్యం, 1970లలో శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా కట్టిన కొత్త భాగం. పేర్లూ కొనుగోళ్లూ ఇంత శ్రద్ధగా నమోదైన ఆ చరిత్రలో వడ్డించిన చేతులూ ఎంగిలి పళ్ళేలు కడిగిన చేతులూ నాకు ఎక్కడా కనిపించవు.

ఇది పరాయి ఊరి సంగతి కాదు. 1953 అక్టోబరు 1 వరకు నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే. నేడు తిరుపతి జిల్లాలో ఉన్న మా చిట్టమూరుకు కూడా మద్రాసే దగ్గరి మహానగరం. ఆ రోజుల్లో రైలెక్కి వెళ్లినవారికి కన్నెమరా మెట్లు ఎలాగూ అందవు. అక్కడ అడ్డు నిలిచేది ధనం. కులం అడ్డు నిలిచింది రైల్వే ఫలహారశాలల్లో, వీధి కాఫీ హోటళ్లలో. (మన భాషలో హోటలంటే బస కాదు, భోజనమే కదా!) రైల్వే స్టేషన్లలో బ్రాహ్మణులకు వేరే భోజనపు గది ఉండేది. పెరియార్ ఉద్యమం తర్వాత 1941లో ఆ విభజన రద్దయింది.

1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 15(2) అధికరణం హోటళ్లను పేరు పెట్టి ప్రస్తావించింది. 1955 నాటి అంటరానితన నేరాల చట్టం మరో అడుగు వేసి, హోటల్లోని పాత్రలను వాడుకోనివ్వకపోవడాన్నే నేరమన్నది. ఒక లోటా కోసం పార్లమెంటు చట్టం రాయవలసి వచ్చిందంటే, ఆ లోటా ఎంతమందికి దక్కలేదో ఊహించవచ్చు. అయినా 1957 నాటికి ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ బోర్డు మీద ‘బ్రాహ్మణ’ పదం అలాగే ఉంది. దాన్ని చెరిపించడానికి పెరియార్ అనుచరులు రోజూ ఆ హోటల్ ముందు నిలబడి అరెస్టయ్యారు. కొందరికి అది పేరు మీద పేచీగా తోచింది. నాకు అలా తోచదు. బోర్డు మీది ఆ ఒక్క పదం వంటవాడి కులాన్ని చెబుతూనే, ఎవరి చేతి వంట మైలో కూడా చెబుతుంది.

పాత కట్టడాలను వారసత్వ సంపదగా గుర్తించి, గోడకు ఫలకం తాపడం చేయడం మంచిదే. ఆ ఫలకాల మీద ప్రారంభించిన గవర్నరు పేరుంటుంది. ఆ భోజనశాలలో ఏ పంక్తిలో ఎవరు కూర్చున్నారో, ఎవరు వాకిట నిలబడి తాగారో కూడా అక్కడే చెక్కమని అడుగుతున్నాను. చిట్టమూరులో అంత గొప్ప హోటల్ లేదు; టీ కొట్టు ఉంది. తెలుగు పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది అటువంటి కొట్లలోనే. వాటికి ఏ ఫలకమూ లేదు.