గాయపడినవారి హక్కు – ఆరు నెలల గడువు

రోడ్డు ప్రమాదంలో ఒక ఇంటి సంపాదనాపరుడు కాలు విరిగి మంచాన పడితే మన వాడలు చూస్తూ ఊరుకోవు. జుమా నమాజు ముగియగానే మస్జిద్ వాకిట రుమాలు పరుస్తారు. బంధువులు బియ్యం, పప్పు పంపుతారు. ఇది ప్రశంసనీయమైన సంప్రదాయం. కాని నెల తిరిగేసరికి ఆసుపత్రి ఖర్చులు ఆ సాయాన్ని మింగివేస్తాయి, మంచాన పడినవాడు మాత్రం లేవడు. పరామర్శకు వచ్చినవారిలో ఒక్క ప్రశ్న అడిగేవారు అరుదు: "ట్రిబ్యునల్‌లో పరిహారపు దరఖాస్తు వేశారా?"

అడగకపోవడానికి కారణాలున్నాయి. "జరిగింది విధి, ఓర్చుకుందాం" అన్న భావన మొదటిది. "ఆ డ్రైవరూ బీదవాడే, అతన్ని కోర్టుకు ఈడ్చడమెందుకు?" అన్న జాలి రెండవది. రెండూ మంచి మనసులో పుట్టినవే. అయినా రెండింటినీ కాస్త నిదానంగా పరిశీలించాలి.

ఓర్పు అంటే హక్కును వదులుకోవడం కాదు. పొరపాటున జరిగిన ప్రాణనష్టానికి సయితం దివ్యఖుర్‌ఆన్ అన్నిసా సూరా 92వ ఆయతులో దియత్‌ను విధించింది. దానిని క్షమించే స్వేచ్ఛ హక్కుదారులదే. తండ్రిని కోల్పోయిన పసిబిడ్డల వాటాను పెదనాన్నో మేనమామో పెద్దమనిషి తరహాలో మాఫీ చేయడానికి వీల్లేదు. అది వారి సొమ్ము కాదు.

ఇక డ్రైవరు సంగతి. మన దేశంలో ప్రమాదం తర్వాత రెండు వేర్వేరు దారులు నడుస్తాయి. నిర్లక్ష్యంగా నడిపినందుకు పోలీసులు పెట్టేది శిక్షకు సంబంధించిన కేసు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షను క్రింద మోటారు ప్రమాద పరిహారాల ట్రిబ్యునల్‌లో వేసేది పరిహారపు దరఖాస్తు. రోడ్డు మీదికి వచ్చే వాహనానికి మూడవ పక్షపు బీమా తప్పనిసరి గనుక, పత్రాలు సక్రమంగా ఉంటే ఆ పరిహారం చెల్లించేది బీమా కంపెనీయే. డ్రైవరుపై మీకెంత కరుణ ఉన్నా దరఖాస్తు వేయడం వల్ల అతని ఇల్లు కూలదు. లైసెన్సు లేకుండా నడిపిన సందర్భాల్లో మాత్రం కంపెనీ చెల్లించిన సొమ్మును యజమాని నుండి రాబట్టుకోవచ్చు. అది అతని తప్పుకు ఫలితమే గాని మీరు చేసిన అన్యాయం కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది గడువు. 2019లో సవరించిన చట్టం ప్రకారం, 2022 ఏప్రిల్ 1 నుండి, ప్రమాదం జరిగిన నాటి నుండి ఆరు నెలల లోపు దరఖాస్తు దాఖలు కావాలి. ఈ నిబంధన చెల్లుబాటు సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళింది గనుక గడువు దాటినవారు కూడా నిరాశ పడక న్యాయవాదిని అడగాలి. అయితే ఆ ఆశతో ఆలస్యం చేయడం వివేకం కాదు. ఎముక విరిగినవాడికి శస్త్రచికిత్సలలోనే నాలుగైదు నెలలు గడచిపోతాయి. భర్తను కోల్పోయిన స్త్రీ ఇద్దత్ సాధారణంగా నాలుగు నెలల పది రోజులు. అది ముగిశాక చూద్దామనుకుంటే గడువులో రెండు నెలలు కూడా మిగలవు. వకాలత్‌నామాపై సంతకం ఇంట్లోనే చేయవచ్చు, న్యాయవాదే ఇంటికి రావచ్చు. సాక్ష్యం చెప్పవలసిన రోజు ఆ తర్వాత ఎప్పటికో వస్తుంది. కనుక ఇద్దత్ దరఖాస్తుకు అడ్డంకి కాదు. పైగా దరఖాస్తును ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం లేదు. మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు.

కేసు బలం న్యాయవాది వాగ్ధాటిలో కన్నా తొలి రోజుల కాగితాలలో ఉంటుంది. పోలీసుల తాకిడికి జంకి కొందరు ఆసుపత్రిలో "మెట్ల మీద నుండి జారిపడ్డాడు" అని వ్రాయిస్తారు. నెలల తర్వాత బీమా కంపెనీ న్యాయవాది ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని దరఖాస్తును ఎదిరిస్తాడు. చేర్చేటప్పుడే ఏ వాహనం, ఎక్కడ, ఎలా ఢీకొట్టిందో ఉన్నది ఉన్నట్లు చెప్పి నమోదు చేయించండి. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి కాగితాలు, మందుల రసీదులు, ఎక్స్‌రేలు, ఆసుపత్రికి వెళ్ళివచ్చిన ఆటో ఖర్చు సహా అన్నీ ఒకే సంచిలో భద్రపరచండి. 2022 నాటి నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో ప్రాథమిక ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు సమర్పించాలి. అవి వెళ్ళాయా లేదా అని స్టేషనులో మర్యాదగా అడిగే హక్కు మీకున్నది.

చికిత్స విషయంలోనూ ఒక వెసులుబాటు ఉంది. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన పథకం క్రింద గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ప్రమాద బాధితునికి మొదటి ఏడు రోజులు ఒక లక్షా యాభై వేల రూపాయల వరకు నగదు రహిత చికిత్స లభిస్తుంది. ఢీకొట్టిన వాహనం ఏదో తెలియకుండా పారిపోయినా చట్టం చేతులెత్తేయలేదు. అట్టి సందర్భాలలో మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేల రూపాయల పరిహారం నిర్ణయమై ఉంది.

"వకీలుకు ఇచ్చే స్తోమత మాకెక్కడిది?" అన్నది తరువాతి ప్రశ్న. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని నియమిస్తారు. ఆదాయ పరిమితికి లోబడిన పురుషులకూ ఈ సౌకర్యం వర్తిస్తుంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఒక తెల్లకాగితంపై అర్జీ వ్రాసి ఇస్తే చాలు. ఫోను చేయగలవారికి 15100 నంబరు ఉంది.

దళారుల విషయంలో జాగరూకత అవసరం. ఆసుపత్రి వరండాలోనే ఎదురై, "వచ్చినదాంట్లో ఇంత వాటా ఇవ్వండి, అంతా మేం చూసుకుంటాం" అంటూ ఖాళీ కాగితాలపై సంతకాలు తీసుకునేవారున్నారు. పరిహారంలో వాటా పుచ్చుకునే ఒప్పందం న్యాయవాదులకే బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. లోక్ అదాలత్‌లో రాజీ త్వరగా సొమ్ము అందించే మంచి మార్గమే. కాని అక్కడి అవార్డుపై అప్పీలు లేదు. అంకె ఎంతో, అది దేనికో తెలియకుండా సంతకం చేయరాదు.

అంకె ఎలా వస్తుంది? వైద్య ఖర్చులు, పని లేక కోల్పోయిన ఆదాయం, సేవ చేసిన మనిషి వేతనం, అనుభవించిన బాధ, ఇక ముందు రాబోని సంపాదన ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. వైకల్యం శాతం ఒక్కటే కొలమానం కాదని, అది ఆ మనిషి వృత్తిని ఎంత దెబ్బతీసిందో చూడాలని రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో వివరించింది. చేయి పోతే గుమాస్తాకు కలిగే నష్టం వేరు, వడ్రంగికి కలిగే నష్టం వేరు. గృహిణి ఇంటి పనికి విలువ కట్టాలని 2021లో కీర్తి కేసులో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. కనుక "ఆమెకు సంపాదన లేదుగా" అని దరఖాస్తు మానుకోవద్దు. గల్ఫ్ నుండి సెలవుపై వచ్చి గాయపడినవారు అక్కడి జీతపు పత్రాలు, బ్యాంకు ఖాతా వివరాలు వెంటనే తెప్పించుకోవాలి.

హక్కు కోరేవాడికి నిజాయితీ మొదటి అర్హత. లేని గాయాన్ని చూపడం, ప్రమాదంలో లేని బండిని ఇరికించడం, దొంగ జీతపు పత్రం పుట్టించడం నేరం, పాపం కూడా. వాక్చాతుర్యంతో గెలుచుకున్న పరుని హక్కు నిప్పుకణిక వంటిదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. తీర్పు సొమ్ముకు తోడయ్యే వడ్డీని ఏం చేయాలన్న సందేహం ఉంటే ఉలమాలను సంప్రదించండి. ఆ సందేహాన్ని సాకుగా తీసుకుని అసలు పరిహారాన్ని వదిలేయకండి.

మీ ఇంటిలో గాని, మీ వీధిలో గాని ఇటీవల గాయపడినవారుంటే క్యాలెండరులో ప్రమాదపు తేదీ నుండి ఆరు నెలలు లెక్కించి ఆ తేదీ చుట్టూ ఒక గీత గీయండి. కాగితాలున్న సంచిని ఒకసారి విప్పి ఏది ఉంది, ఏది లేదో చూడండి. ఆ తర్వాత వచ్చే పనిదినాన జిల్లా కోర్టు ప్రాంగణానికి వారి వెంట మీరూ నడవండి.