రిస్టోర్ అయిన మెషిన్‌కు మెమరీ దొరకాలంటే

వర్చువల్ మెషిన్‌కు ఎంత మెమరీ చూపించారన్నది ఒక లెక్క, అందులో ఎంత తప్పకుండా దక్కాలన్నది మరో లెక్క. ఈ రెండో దాన్నే రిజర్వేషన్ అంటారు. వీఎంవేర్ వీస్ఫియర్‌లో మెషిన్‌ను పవర్ ఆన్ చేసేటప్పుడు హోస్ట్ సర్వర్‌లో అంత మెమరీ ఎవరికీ రిజర్వ్ కాకుండా మిగిలి ఉండాలి. లేకపోతే మెషిన్ మొదలే కాదు. ప్రాసెసర్ రిజర్వేషన్‌ను మెగాహెర్ట్జ్‌లో లెక్కిస్తారు. వాడకుండా ఉన్న ప్రాసెసర్ వాటాను మిగతా మెషిన్లు వాడుకోవచ్చు. మెమరీ అలా కాదు. రిజర్వేషన్ కింద మెషిన్ ఒకసారి వాడిన మెమరీని, ఆ తర్వాత అది పనిలేకుండా ఉన్నా హైపర్‌వైజర్ (హోస్ట్‌లో మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్) వెనక్కి తీసుకోదు.

ఈ విలువలు ఉండేది డిస్కులో కాదు, మెషిన్ కాన్ఫిగరేషన్ ఫైలులో. అందుకే మెషిన్‌ను సెట్టింగులతో సహా రిస్టోర్ చేస్తే బ్యాకప్ తీసిన నాటి రిజర్వేషనే తిరిగి వస్తుంది. ఆ తర్వాత చేసిన మార్పులు పోతాయి. డిస్కులను మాత్రమే తెచ్చి కొత్త మెషిన్‌కు తగిలిస్తే రిజర్వేషన్ సున్నా దగ్గర మొదలవుతుంది. మెషిన్ ఏ రిసోర్స్ పూల్‌కు (కొన్ని మెషిన్లకు కలిపి వనరులు కేటాయించే గుంపుకు) చెందినదో కాన్ఫిగరేషన్ ఫైలులో ఉండదు కాబట్టి పూల్‌ను విడిగా సరిచూసుకోవాలి.

రిజర్వేషన్‌కు సరిపడా మెమరీ దొరకని చిక్కు ఎక్కువగా రెండు సందర్భాల్లో వస్తుంది. మొదటిది, పాతదానికన్నా చిన్న హోస్ట్‌పై రిస్టోర్ చేసినప్పుడు. రెండోది, అసలు మెషిన్ నడుస్తుండగానే పరీక్ష కోసం దాని కాపీని ఆన్ చేసినప్పుడు. అప్పుడు ఒకే సర్వీసుకు రెండు రిజర్వేషన్లు పడతాయి. పరీక్ష కాపీకి రిజర్వేషన్ తీసేయడమే మేలు.

అయితే రిజర్వేషన్ తగ్గిస్తే డేటాస్టోర్‌లో, అంటే మెషిన్ ఫైళ్లు ఉండే స్టోరేజీలో, చోటు కావాలి. చూపించిన మెమరీలోంచి రిజర్వేషన్‌ను తీసివేస్తే మిగిలేదే స్వాప్ ఫైలు (హోస్ట్‌లో మెమరీ చాలనప్పుడు మెషిన్ మెమరీని దాచే ఫైలు) సైజు. 16 జీబీ మెషిన్‌కు 12 జీబీ రిజర్వేషన్ ఉంటే స్వాప్ ఫైలు 4 జీబీ. రిజర్వేషన్ సున్నా చేస్తే అదే 16 జీబీ అవుతుంది. డేటాస్టోర్ నిండిపోయి ఉంటే మెషిన్ ఈసారి ఆ కారణంగా ఆగిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాన్ని పాస్‌త్రూ పద్ధతిలో నేరుగా వాడే మెషిన్‌కు మెమరీ మొత్తం రిజర్వ్ చేయడం తప్పనిసరి. అక్కడ తగ్గించే వీలు లేదు.

కాబట్టి రిస్టోర్ అయ్యాక, ఆన్ చేయడానికి ముందే హోస్ట్‌లో రిజర్వ్ కాని మెమరీ, మెషిన్ రిజర్వేషన్, దాని పూల్, డేటాస్టోర్‌లో ఖాళీ చోటు వరసగా చూడాలి. అత్యవసరంగా తగ్గించిన రిజర్వేషన్‌ను హోస్ట్‌లో చోటు దొరకగానే పాత స్థాయికి తేవాలి. రిజర్వేషన్‌ను మెషిన్ నడుస్తుండగానే మార్చవచ్చు. ఆ పని మరిచిపోతే డేటాబేస్ వంటి ముఖ్యమైన మెషిన్ మామూలు రోజుల్లో బాగానే నడుస్తుంది. హోస్ట్‌లో మెమరీకి కరువొచ్చిన రోజు మాత్రం దాని మెమరీ కొంత స్వాప్ ఫైలులోకి పోయి, పని బాగా నెమ్మదిస్తుంది.