ఉన్ని బొమ్మ నేర్పిన పాఠం

పసిపిల్లలకు అక్షరాలు నేర్పే బాధ్యతను చేపట్టిన తొలి రోజుల్లో మేము చేసిన ఒక పొరపాటును పాఠకుల ముందు ఉంచదలచాము. అప్పట్లో ఆరేళ్ళ బాలిక ఒకతె మక్తబ్‌కు వచ్చేది. ఖాయిదా ముందుంచితే నోరు మెదిపేది కాదు. ఒకనాడు ఆమె సంచిలో పాత చీర పేలికలతో కుట్టిన కుందేలు బొమ్మ మా కంటపడింది. చదువుకునే చోట ఆటవస్తువు ఏమిటని కోపించి, దాన్ని తీసుకొని బీరువాలో పెట్టి తాళం వేశాము. మరునాటి నుండి ఆ పాప పాఠానికి రావడమే మానుకొంది.

నాలుగో రోజు ఆమె నానీ వచ్చి గడప దగ్గరే నిలబడ్డారు. "హజరత్! మీరు చెప్పిన సబఖ్ అంతా మా పిల్ల ఇంట్లో ఆ కుందేలును ఎదురుగా కూర్చోబెట్టుకొని దానికి చెబుతుంది. దానికది ఆటబొమ్మ కాదు, శిష్యురాలు" అన్నారు. మేము సిగ్గుపడ్డాము. ఆ పాపకు పాఠం రాకపోవడం కాదు, మా ముందు తప్పు చెబుతానేమోననే భయమే ఆమె నోరు కట్టేసింది.

ఆ రాత్రి మేము చదివిన, చదివించిన హదీసు గ్రంథాలనే మళ్ళీ తెరిచాము. ఆషూరా ఉపవాసం గురించి హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మదీనాలోని అన్సారీ తల్లులు తమ పిల్లల చేత కూడా ఆనాటి ఉపవాసం పాటింపజేసేవారు. వారి కోసం ఉన్నితో బొమ్మలు చేసి ఉంచేవారు. పిల్లవాడు ఆకలితో ఏడిస్తే ఆ బొమ్మ చేతికిచ్చి ఇఫ్తార్ వేళ వరకు మరిపించేవారు. ఆ ఉల్లేఖనాన్ని ఎన్నోసార్లు ఉపవాస ప్రకరణంలో బోధించాము. అందులో ఉన్న ఉన్ని బొమ్మ మాత్రం అంతవరకు మాకు కనబడలేదు!

హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకున్న సంగతి మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. దైవప్రవక్త (సఅసం) ఇంట్లోకి రాగానే ఆమె స్నేహితురాళ్ళు బిడియంతో చాటుకు వెళ్ళేవారు. ఆయన వారిని మళ్ళీ ఆమె వద్దకు పంపేవారు. అబూదావూద్ గ్రంథంలో మరో ఉల్లేఖనం ఉంది. తబూక్ లేక ఖైబర్ యాత్ర నుండి తిరిగివచ్చిన సందర్భమది. గాలికి తెర తొలగి ఆమె బొమ్మలు కనబడ్డాయి. వాటి నడుమ గుడ్డపీలికల రెక్కలున్న గుర్రం ఒకటి ఉంది. ఇవేమిటని, మధ్యనున్నది ఏమిటని, దాని మీద ఉన్నవి ఏమిటని, గుర్రానికి రెక్కలా అని ఆయన వరుసగా ప్రశ్నించారు. సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులిచ్చారు. ఆయన మనసారా నవ్వారు.

ఉపాధ్యాయులు గమనించవలసినది ఆ ప్రశ్నల వరుసనే. తెలిసిన పెద్దవారు అడుగుతుంటే ఆమె చెప్పారు. బొమ్మ అక్కడ మాట రావడానికి వారధి అయింది.

ప్రాణుల రూపాల విషయంలో షరీఅత్ హెచ్చరికలు మనకు తెలియనివి కావు. అయితే ఈ హదీసుల ఆధారంగానే అధిక సంఖ్యాక పండితులు పిల్లల ఆటబొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. కొందరు పెద్దలు ఇందులోనూ జాగ్రత్త వహించారు. వారి అభిప్రాయాన్ని అనుసరించే కుటుంబాలు కళ్ళు, ముక్కు లేకుండా కేవలం ఆకారం తెలిసేలా కుట్టుకోవచ్చు. మా తరగతిలో బొమ్మలను అలంకారంగా అరలో నిలబెట్టము. పాఠం ముగియగానే సంచిలోకి చేరుతాయి.

ఇక వాటితో చెప్పే పాఠాలు చూడండి. 'ఒ' అక్షరానికి ఒంటెను, 'ఏ' అక్షరానికి ఏనుగును పిల్లల చేతికిస్తాము. తేనెటీగకు ఆరు కాళ్ళు, సాలీడుకు ఎనిమిది. మూడు సాలీళ్ళకు ఎన్ని కాళ్ళని అడిగితే ఎనిమిదో ఎక్కం వేళ్ళ మీదికి వస్తుంది. దివ్యఖుర్ఆన్‌లో నహ్ల్, నమ్ల్, అన్కబూత్, ఫీల్ సూరాల పేర్లకు తేనెటీగ, చీమ, సాలీడు, ఏనుగు అని అర్థం. బొమ్మను చూపగానే పిల్లలు సూరా పేరు చెబుతారు. అన్నిటికన్నా ఫలితమిచ్చేది మరొకటి. ఒంటె బొమ్మ తరఫున మేమే 'హా'ను 'ఖా' అని తప్పుగా పలుకుతాము. పిల్లలంతా ఒక్కసారిగా దాన్ని దిద్దుతారు. తప్పు చేసింది ఒంటె గనుక ఎవరికీ చిన్నతనం ఉండదు.

ఇందులో ఒక హద్దు ఉంది. ఆట అక్షరాల వరకే. ఖుర్ఆన్ వాక్యాలను బొమ్మల చేత పరిహాసంగా పలికించకూడదు. ప్రవక్తల పాత్రలను బొమ్మలకు అంటగట్టకూడదు.

2020 జాతీయ విద్యావిధానం కూడా చిన్న తరగతుల్లో ఆటవస్తువులతో బోధించమని చెబుతోంది. అందుకు ఖర్చు చేయనక్కర లేదు. పాత దుపట్టా, కాస్త దూది, సూదీదారం చాలు. గుండీలు ఊడితే పిల్లలు మింగే ప్రమాదం ఉంది కనుక కళ్ళు పెట్టదలచినవారు దారంతోనే కుట్టాలి. వారానికొకసారి ఉతికి ఎండలో ఆరవేయాలి.

ఆ కుందేలును మరునాడే మేము స్వయంగా వారింటికి తీసుకువెళ్ళి ఇచ్చాము. కోప్పడినందుకు పాపను క్షమించమని అడిగాము. ఆమె జవాబివ్వలేదు గాని మర్నాడు బొమ్మతో సహా వచ్చింది. గోడవైపు తిరిగి కుందేలుకు సబఖ్ చెబుతుంటే మేము వెనుక కూర్చొని విన్నాము. అలా కొన్ని నెలలు గడిచాయి. ఒక ఉదయం ఆమె వచ్చి మా ఎదుటే కూర్చొని ఖాయిదా తెరిచి చదవసాగింది. పేజీ ముగిశాక కుందేలు ఏదని అడిగాము.

"దానికి అన్నీ వచ్చేశాయి ఉస్తాద్. ఇంట్లో తమ్ముడికి చెబుతోంది" అంది.