మొదటి ఆప్షన్‌కు భయపడాలా?

వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి 1959లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 2002లో అది నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అయింది. ఇక్కడ చేరాలంటే ఇంటర్ తర్వాత జేఈఈ మెయిన్ రాసి, కావలసిన కోర్సులను వరుసగా ఇవ్వాలి. చాలామంది తడబడేది ఇక్కడే. "గొప్ప కోర్సు మొదట రాస్తే అది రాదు సరికదా, రెండోది కూడా ఎవరో తన్నుకుపోతారేమో!" అని వాళ్ళ భయం.

అలా జరగదు. ఎలాగో చూడండి. మెకానికల్‌లో ఒకటి, సివిల్‌లో ఒకటి సీట్లు ఉన్నాయనుకుందాం. రవి ర్యాంకు 10, లక్ష్మిది 20, రఫీది 30. రవి, లక్ష్మి ఇద్దరూ మొదట మెకానికల్, తర్వాత సివిల్ రాశారు. రఫీ సివిల్ ఒక్కటే రాశాడు. కంప్యూటర్ మెకానికల్ సీటును రవికి, సివిల్ సీటును రఫీకి ఇస్తుంది, కాని తాత్కాలికంగానే! మెకానికల్ దొరకని లక్ష్మి ఇప్పుడు సివిల్ అడుగుతుంది. రఫీ కంటే ఆమె ర్యాంకు మెరుగు కనుక సీటు ఆమెదే. మెకానికల్ ముందు అడిగినందువల్ల ఆమె పోగొట్టుకున్నదేమీ లేదు గదా! రాష్ట్ర కోటా, రిజర్వేషన్లు ఉన్నా ఒక్కొక్క జాబితాలో లెక్క ఇదే.

ఈ పద్ధతిని 1962లో గేల్, షాప్లీ అనే గణితవేత్తలు ప్రకటించారు. షాప్లీకి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఐఐటీలకు, ఎన్‌ఐటీలకు కలిపి 2015 నుంచి సీట్లు ఇలాగే కేటాయిస్తున్నారు.

అన్నట్టు, రఫీ సంగతి? అతని జాబితాలో ఇంకేమీ లేదు. కెమికల్ కూడా రాసివుంటే, కంప్యూటర్ అతని తరఫున అక్కడా అడిగి చూసేది.