ఏ ఊరు బావూ మీది?

నరసన్నపేట బస్సులోనో, గుణుపురం బండిలోనో రోజూ కనిపించే ముఖాలే. పేర్లు తెలియవు. మనసులో ఏముందో అసలే తెలియదు. అది తెలియాలంటే ఊహించుకుంటే చాలా, పలకరించాలా? ఆంధ్రా-ఒడిశా సరిహద్దు మీదున్న పాతపట్నం దారిలో ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడో దొరికింది.

పొద్దున్నే పాతపట్నంలో బస్సెక్కినవాళ్లకు పక్కసీటు మనిషి ఏం ఆలోచిస్తున్నాడో అనే సందేహానికి ముందు ఇంకో సందేహం వస్తుంది. అసలు ఏ భాషలో ఆలోచిస్తున్నాడు? ఒడిశాలోని పర్లాకిమిడి ఇక్కడికి కూతవేటు దూరం. నీలమణి దుర్గమ్మను చూడ్డానికి అటువాళ్లు ఇటొస్తారు, చదువులకూ బేరాలకూ ఇటువాళ్లు అటెళతారు. చింతపండు మూటతోనో, కొండచీపుళ్ల కట్టతోనో ఎక్కినావిడ ఇంట్లో మాట్లాడేది గిరిజనుల సవర భాష కావచ్చు. కిటికీ పక్క కుర్రాడు ఫోన్లో ఒడియా మాట్లాడి, పెట్టేయగానే "కాస్త జరగండి" అని తెలుగులో అంటాడు. కట్టూబొట్టూ చూసి భాష చెప్పేస్తామనే ధీమా ఈ దారిలో ఎక్కువసేపు నిలవదు.

గీత పడింది, రాకపోకలు ఆగలేదు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. గీత గీసేనాటికే ఈ రెండూళ్ల మధ్య బండి నడుస్తోంది. పర్లాకిమిడి రాజావారి చొరవతో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల చిన్న రైలు 1900లోనే మొదలైంది. తర్వాతి కాలంలో ఒడిశాలోని గుణుపురం దాకా సాగింది. గేజి మార్పిడి కోసం 2004లో ఆపేశారు. పెద్ద పట్టాల మీద 2011 నాటికి మళ్లీ గుణుపురం చేరింది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి అంటూ రాష్ట్రం మారే ఈ బండిలో కాలేజీ పిల్లలుంటారు, ఆసుపత్రి కాగితాలు పట్టుకున్నవాళ్లుంటారు, కూలిపని వెతుక్కుంటూ విశాఖ దిగేవాళ్లుంటారు.

బండ్లు వచ్చాకే మనుషులకు ఒక వింత అలవాటైందని జర్మన్ సామాజికవేత్త జార్జ్ సిమ్మెల్ వందేళ్ల కిందటే గమనించారు. రైళ్లూ ట్రాములూ రాకముందు ఒక్క మాటైనా అనుకోకుండా నిమిషాలు, గంటల తరబడి ఒకరి ముఖం ఒకరు చూస్తూ కూర్చోవలసిన అవసరం మనిషికి ఎప్పుడూ రాలేదన్నారు. ఎడ్లబండిలో అపరిచితులు ఎక్కడుంటారు? ఎక్కేదంతా ఊరివాళ్లూ చుట్టాలే.

పేరు తెలియని పరిచయం

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1972లో దీని మీదే ఒక వ్యాసం రాశారు. స్టేషన్లో రోజూ నిలబడేవాళ్ల ఫొటోలు తీయించి, తర్వాత వాళ్లకే పంచి, ఇందులో మీకు తెలిసిన ముఖాలెన్ని అని అడిగించారు. గుర్తుపడతాం గానీ ఎన్నడూ మాట్లాడలేదు అని చెప్పిన ముఖాలు మనిషికి సగటున నాలుగు తేలాయి. ఇలాంటివాళ్లు ఎప్పుడూ కలిసే చోట పలకరించుకోకపోయినా, దూరప్రాంతంలో ఎదురైతే మాత్రం చటుక్కున మాట కలుపుతారని కూడా ఆయన గమనించారు.

దీనికి మనకు సాక్ష్యం కావాలంటే విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి వెళితే చాలు. ఏళ్ల తరబడి ఒకే బస్సులో తలతిప్పుకుని కూర్చున్న ఇద్దరు ఆ వరండాలో కలిస్తే "మీది పాతపట్నమే కదా!" అంటూ దగ్గరైపోతారు. భోజనం డబ్బా ఒకరు విప్పితే మందుల చీటీ మరొకరు చదివిపెడతారు. మాట లేకపోయినా ఆ ముఖాన్ని మనసు ఏనాడో తనవాళ్ల లెక్కలో రాసుకుంది.

మన ఊహలకు మార్కులెన్ని?

మాట్లాడని చోట ఊహ మొదలవుతుంది. టిఫిన్ క్యారేజీ, భుజాన సంచీ ఉంటే ఏజెన్సీ బడికెళ్లే టీచరు. కవరులో ఎక్సరే ఉంటే శ్రీకాకుళం పెద్దాసుపత్రి. ఇంతవరకూ లెక్క తప్పకపోవచ్చు. ఆ టీచరమ్మ ముఖం ముడుచుకుని ఉంటే ఇంట్లో గొడవ పడొచ్చిందని తేల్చేస్తామే, అక్కడే బోల్తా పడతాం. ఆవిడ హాజరుకు టైమవుతోందని కంగారు పడుతూ ఉండొచ్చు.

ఎదుటివాళ్ల స్థానంలో నిలబడి ఆలోచిస్తే వాళ్ల మనసు తెలుస్తుందని పెద్దలంటారు. పరిశోధకులు టాల్ ఇయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ ఆ మాటను 25 ప్రయోగాల్లో పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. అలా ఊహించుకున్నందువల్ల అంచనా నిజానికి దగ్గరైన దాఖలా కనిపించలేదు. సూటిగా అడిగి తెలుసుకున్నవాళ్లకే సరైన జవాబు దొరికింది.

మరి ఎందుకు అడగం? ఎదుటివాళ్లకు ఇష్టముండదని భయం. ఎప్లీ, జూలియానా ష్రోడర్ షికాగో రైళ్లలో, బస్సుల్లో చేసిన పరిశోధన 2014లో వెలువడింది. కొత్తవాళ్లతో మాట్లాడుతూ వెళ్లమని కొందరికి, మౌనంగా వెళ్లమని కొందరికి చెప్పారు. మాట్లాడితే ప్రయాణం విసుగ్గా ఉంటుందని జనం ముందుగా వేసిన అంచనా తలకిందులైంది. మాట్లాడినవాళ్లకే ప్రయాణం హాయిగా గడిచింది. లండన్ రైళ్లలోనూ తర్వాత ఇదే తేలింది.

గిడుగు వారి దారి

ఇంత దూరం వెళ్లకుండానే పర్లాకిమిడి వీధుల్లో మనకొక ఉదాహరణ ఉంది. 1880లో అక్కడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తికి కొండల నుంచి వచ్చే సవరలు కనిపించేవారు. వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో తెలియదు. చాలామంది చూసి ఊరుకునేవారు. ఆయన తెలుగు వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కి తిరిగారు, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆ తిరుగుళ్లలో మలేరియా సోకి, వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు. సవర భాష మీద ఆయన రాసిన పుస్తకం 1931లో మద్రాసులో అచ్చయింది. వాడుక తెలుగు కోసం పోరాడినవారిగా లోకం గుర్తుపెట్టుకున్న మనిషి, తనది కాని భాషలో జనం చెప్పేది వినడానికి చెవులే పోగొట్టుకున్నారు.

అడిగే హక్కు, ఊరుకునే హక్కు

అయితే ప్రతి పలకరింపూ మంచిది కాదు. ఉత్తరాంధ్ర బస్సులో "ఏ ఊరు బావూ మీది?" అన్నది ఆత్మీయమైన మాటే. దాని వెనకే "ఏట్లు మీరు, జీతమెంత, గుంటకి పెళ్లయిందా" అని వరస పెడితే అది ఆరా అవుతుంది. కులం కనుక్కోవడానికే ఊరి పేరు అడిగేవాళ్లూ ఉన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి ఉచిత ప్రయాణ పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ల ప్రయాణాలు పెరిగాయి. ఇంటిపనికీ ఉద్యోగానికీ మధ్య ఎవరూ ఏమీ అడగని ఆ గంటే కొందరికి తీరిక. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న అమ్మాయి పాటలు వినకపోవచ్చు, ప్రశ్నలు రాకుండా తలుపేసుకుని ఉండొచ్చు. ఆ తలుపు తట్టకపోవడమూ మర్యాదే.

ఆరాకూ పలకరింపుకూ తేడా ఈ దారిలో తిరిగే పెద్దవాళ్లకు బాగా తెలుసు. వాళ్లు ఎదుటివాళ్ల సంగతి అడగరు, ముందు తమది చెబుతారు. "మాది టెంబూరు, మా మనవడికి జ్వరమని ఎల్తన్నాను" అని ఊరుకుంటారు. ఎదుటివాళ్లకు మాట్లాడాలనిపిస్తే అందుకుంటారు, లేదంటే తలూపి కిటికీ వైపు తిరుగుతారు. ఎవరికీ చిన్నతనం ఉండదు. ప్రయోగాలు ఇప్పుడు చెబుతున్నది ఆ పెద్దవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నారు. పక్కవాళ్ల మనసులో ఏముందో తెలుసుకోవాలని ఉంటే, మన మనసులోది ఒక మాట ముందు బయటపెట్టాలి.